పైన బాపమ్మ, కింద బా

మన ఇల్లున్న ఊళ్లోనే మనం హోటల్లో దిగుతామంటే ఆటో డ్రైవర్‌కు కూడా అనుమానం వస్తుంది. సూరత్ శివారు అమ్రోలిలో మా తమ్ముడి ఇంటి ముందు ఆటో ఎక్కి పాత ఊళ్లో ఆ హోటల్ పేరు చెప్పగానే, అతను అద్దంలో నన్నొకసారి, నా చేతిసంచినొకసారి చూశాడు. "మెహమాన్ సే మిల్‌నా హై క్యా, మాజీ?" అన్నాడు, అతిథినెవరినైనా కలవాలా అని. కాదు నాయనా, మెహమాన్‌ను నేనే అన్నాను. తాపీ వంతెన దాటేదాకా అతనికి నవ్వు ఆగలేదు. తప్పు నాది కాదు, మా పిల్లలది. పిల్లలంటే ఒకప్పుడు మా తెలుగు బడిలో నా దగ్గర చదివినవాళ్లు. ఇప్పుడు వాళ్లలో కొందరికి తలలు నెరిశాయి. అందరూ కలిసి నాకు సన్మానం పెట్టుకున్నారు. కడోదరాలో ఎంబ్రాయిడరీ మిషన్లు నడిపే శ్రీను ఫోన్ చేసి, "టీచర్, ఫంక్షన్ అయిన తెల్లారి నుంచి మీరు ఇంట్ల ఉండొద్దు. రెండు రోజులు హెరిటేజ్ హోటల్ల మహారాణి లెక్క ఉండాలె. రూమ్ బుక్ చేసినం, నా మత్ బోల్‌నా" అన్నాడు. కాదనొద్దనే మాట మాత్రం హిందీలో. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన ఫలితం ఇది అనుకొని సరే అన్నాను.

వీధి మొదట్లో ఆటో దిగాను. అక్కడి పాత ఇళ్లలో ఏదో ఒకదాన్ని హోటల్ చేశారని వినడమే తప్ప, ఏ ఇల్లో నాకు తెలియదు. తీరా దర్వాజ ముందుకు వెళ్లి తలెత్తితే పైన చెక్కిన చిలుకలు వరుసగా కనబడ్డాయి. మూడో చిలుకకు ముక్కు అతికించారు, అంతవరకే చెక్క రంగు కొత్తగా ఉంది. ఆ చిలుకకు ముక్కు లేని రోజుల్లో ఆ దర్వాజలోంచి నేను బడికి పోయేదాన్ని. పై అంతస్తులో మా ఇల్లు. శ్రీనుకు ఆ సంగతి తెలియదు, నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు చల్లటి తువ్వాలు, వట్టివేళ్ల షర్బత్తు ఇచ్చి, "ఫస్ట్ టైమ్, మేడమ్?" అని అడిగాడు. షర్బత్తు బాగుందన్నాను.

సాయంత్రం వాళ్ల మేనేజర్ అతిథులందరికీ ఇల్లు తిప్పి చూపించాడు. చక్కగా మాట్లాడే మనిషి. ఈ హవేలీ కట్టిన వ్యాపారి పట్టు ఎగుమతి చేసేవాడనీ, ఈ స్తంభాలు బర్మా టేకువనీ, నాలుగు తరాలు ఇక్కడే బతికాయనీ చెప్పి, "ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ ఇల్లు ఖాళీగా ఉండిపోయింది" అన్నాడు. నేను వెనక నిలబడి ఉన్నాను. "ఖాళీగానా?" అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. "మేం ఆరుగురం ఉన్నాం బాబూ. కింద ఇల్లుగల ముసలమ్మ ఉండేది. మేం సాంచాల మీద, అదే మరమగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్లం. మీరు నాకిచ్చిన గదిలో ఆ స్నానాల గది ఉంది చూడండి, అద్దాల గోడది, అక్కడ మా బిందెలు ఉండేవి" అన్నాను. పాపం, అతను చిన్నబుచ్చుకోలేదు. వెంటనే ఫోన్ తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. రాత్రి భోజనానికి మేడ మీదికి రమ్మన్నాడు. మేడ మీద ఇప్పుడు రెస్టారెంటు. అక్కడ బొగ్గుల మీద చేప కాలుస్తున్నారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఎంత నవ్వొచ్చిందంటే, పక్క టేబుల్ వాళ్లు తమ ప్లేట్లలో ఏమైనా పడిందా అని చూసుకున్నారు. ఎందుకంటే సరిగ్గా ఆ మూలనే, ఆ వాసన మూలానే, ఒకప్పుడు మా బతుకు రోడ్డున పడబోయింది.

సిరిసిల్ల దిక్కు నుంచి మా బాపు సూరత్ వచ్చి సాంచాల షెడ్డులో కుదురుకున్నాక మమ్మల్ని పిలిపించుకున్నాడు. అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు, నేను, బాపును కన్నతల్లి నర్సవ్వ. ఆమెను మేం బాపమ్మ అని పిలిచేవాళ్లం. వచ్చిన ఏడాదిలోనే మూడు ఇళ్లు మారాం. ఒకటి రేకుల షెడ్డు, ఒకటి మిల్లు గోడనానుకున్న గది, మూడోది వానొస్తే లోపలే ఎక్కువ కురిసే ఇల్లు. ఆ తర్వాత దొరికిందీ హవేలీ. ఇంటి యజమానురాలు గుజరాతీ ముసలమ్మ, భర్త పోయాడు, కొడుకు బొంబాయిలో. ఊరంతా ఆమెను బా అనేది, అంటే వాళ్ల భాషలో అమ్మ. అట్లా మా ఇంట్లో పైన బాపమ్మ, కింద బా, మధ్యలో బాపు. ఇల్లంతా బా గుణింతమే. కిరాయికి దిగేటప్పుడు బా ఒకే షరతు పెట్టింది: మాంసం, చేప, గుడ్డు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. బాపు ఒప్పుకున్నాడు. పైకొచ్చి తల్లికి మాత్రం, "ఇల్లు మంచిగున్నది, నీళ్లున్నయి, ముసలామె మంచిది" అని అంతవరకే చెప్పాడు. మాట ఒక భాషలోంచి ఇంకో భాషలోకి పోయేటప్పుడు కొంత రాలిపోవడం మా వంశంలోనే ఉంది.

షరతు సంగతి బాపమ్మకు వారంలో తెలిసింది. తెలిసినా ఆమె నాలుక మారలేదు. కోడి లేకుండా ఆర్నెల్లు ఉండగలదు, మేక లేకుండా ఏడాది ఉండగలదు, ఒట్టి చేపలు, అంటే ఎండుచేపలు, లేకుండా మాత్రం ఆమెకు జొన్నరొట్టె గొంతు దిగేది కాదు. పదిహేను రోజులకోసారి బజారు నుంచి కాగితంలో చుట్టి, దాన్ని గుడ్డలో చుట్టి, ఆ గుడ్డను కూరగాయల సంచి అడుగున పెట్టి తెచ్చేది. మేడ మీద కుంపటి పెట్టి వేయించేది. దానికో శాస్త్రం ఉండేది. ముందు పైకెళ్లి కొంగు అంచు పట్టుకొని నిలబడేది. కొంగు తాపీ దిక్కుకు ఎగిరితే కుంపటి రాజుకునేది. వీధి దిక్కుకు ఎగిరితే ఆ రోజు పప్పు. అప్పటికి మేడ మీది నుంచి నది కనబడేది, ఇప్పుడు మధ్యలో ఏడెనిమిది అంతస్తుల ఇళ్లు లేచాయి. వేయించిన చేపను ఉల్లిగడ్డతో, ఎండుమిర్చితో కలిపి దంచి, రొట్టెలో పెట్టి నా చేతికిచ్చేది. తిన్నాక నా మూతి కడిగి, చేతులు కడిగి, వాసన చూసి కిందికి పంపేది. ఎందుకంటే నేను రోజుకు పదిసార్లు కిందికి పోవాలి.

నా పని అది. బాపు పొద్దంతా షెడ్డులో, అమ్మకు బాబిన్లు చుట్టడంతోనే సరి. బా గుజరాతీ తప్ప మాట్లాడదు, బాపమ్మకు తెలుగు తప్ప రాదు. ఇద్దరికీ మాత్రం రోజూ మాట్లాడుకోవలసినవి బోలెడు. మెట్ల మీద నీళ్లెందుకు ఒలికాయి, పంపు ఎందుకు కట్టేశావు, తమ్ముళ్లు వసారాలోని ఉయ్యాల ఎందుకు ఊపారు. బా మెట్ల కింద నిలబడి, బాపమ్మ మెట్ల పైన నిలబడి, ఎవరి భాషలో వాళ్లు అరుచుకునేవాళ్లు. ఆ మెట్లు నిచ్చెన లెక్క నిటారుగా ఉండేవి, పట్టుకోవడానికి పైనుంచి తాడు వేలాడేది. నేను ఆ తాడు పట్టుకొని సరిగ్గా మధ్యలో నిలబడేదాన్ని. గుజరాతీ నాకు వీధిలో ఆడుకుంటూ అబ్బింది. "నీ నోరు పడిపోను, పంపు నీ అయ్యదా?" అని బాపమ్మ అంటే, "ఇంకొంచెం సేపు నీళ్లు వదలమంటోంది, బా" అని కిందికి చెప్పేదాన్ని. "అడవి మనుషులు, ఎక్కడి నుంచి వచ్చారో" అని బా అంటే, "మన ఊరేదని అడుగుతున్నది" అని పైకి చెప్పేదాన్ని. తర్వాతి కాలంలో నేను గుజరాతీ కథలు తెలుగులోకి తెచ్చాననీ, అవి మూలానికి చాలా దగ్గరగా ఉన్నాయనీ సన్మానంలో ఒకాయన పొగిడాడు. నా మొదటి అనువాదాలు ఆయన వినలేదు.

ఒకనాడు గాలి మోసం చేసింది. బాపమ్మ కొంగు తాపీ దిక్కుకే ఎగిరింది, కుంపటి రాజుకుంది, చేప పెనం మీద పడింది. పడ్డాక గాలి తిరిగింది. కింద బా ఉయ్యాల చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత వినబడింది పిలుపు: "ఛోకరీ!" పిల్లా అని. నేను కిందికి పరుగెత్తాను. బా ముఖం తెల్లబడింది. ఈసారి అరవలేదు, అదే భయం వేసింది. "మీ దాదీకి చెప్పు. అమావాస్య లోపల గది ఖాళీ చేయాలి. ఈ పొగ నా ఠాకోర్‌జీ ముందుకు వచ్చింది. ఇంక నేను దీపం ఎట్లా పెట్టుకోను?" అన్నది. ఠాకోర్‌జీ అంటే ఆమె రోజూ కొలిచే చిన్ని కృష్ణుడు. కళ్లనిండా నీళ్లు. అమావాస్యకు ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి.

మెట్లెక్కుతున్నంతసేపూ నాకు రేకుల షెడ్డు గుర్తుకొచ్చింది. బడి గుర్తుకొచ్చింది. తెలుగు బడి అక్కడికి రెండు వీధుల అవతలే. మూడు ఇళ్లలో ఉన్నప్పుడు నేను బడికి పోనే లేదు, ఇక్కడికొచ్చాకే పలక ముట్టాను. పైన బాపమ్మ నడుం మీద చేయి వేసుకొని నిలబడి ఉంది. "ఏమంటున్నదే ఆ ముసల్ది?" అన్నది. నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో ఈనాటికీ తెలియదు. "మోకాళ్లు మస్తు నొస్తున్నయట. నీకు చేయి గుణం ఉన్నదని ఎవరో చెప్పిన్రట. జర నూనె రాస్తవా అని అడుగుతున్నది" అన్నాను.

బాపమ్మకు నిజంగానే చేయి గుణం ఉంది. మా ఊళ్లో బాలింతలకు, పసిపిల్లలకు ఆమే నూనె రుద్దేది. సూరత్ వచ్చాక ఆమెను ఎవరూ ఏ పనికీ పిలవలేదు. నా ముఖంలోకి చూసి, "గా మాట ఎప్పుడో అడగచ్చు గద. గందుకే గింత చిటపటలాడుతున్నదేమో. నొప్పి మనిషిని గట్లనే చేస్తది" అన్నది. కుంపటి మీది పెనం దించి, అదే నిప్పుల మీద ఆముదం వేడిచేసి, ఉప్పు మూట కట్టుకొని, చేతులు రెండుసార్లు తోముకొని మెట్లు దిగింది. ఆమె వెనక నేను, నా గుండె ముందర. ఉయ్యాల మీద బా కళ్లు తుడుచుకుంటోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. నేను గబగబా, "తప్పయింది, మాఫ్ చేయమంటోంది, బా. మీ కాళ్లకు సేవ చేస్తానంటోంది" అన్నాను. బా కాళ్లు ముడుచుకునేలోపు బాపమ్మ కింద కూర్చొని, చీర అంచు తొలగించి, మోకాలు చేతికి తీసుకుంది. బా ఒక అరుపు అరిచింది. కొంతసేపటికి ఇంకో రకం అరుపు అరిచింది. ఆ తర్వాత కళ్లు మూసుకొని ఉయ్యాల గొలుసుకు తలానించింది.

అమావాస్య వచ్చి పోయింది. బా ఆ సంగతి ఎత్తలేదు, బాపమ్మకు ఆ సంగతే తెలియదు. బాపమ్మ దృష్టిలో బా తలవంచి అడిగింది, బా దృష్టిలో బాపమ్మ తలవంచి వచ్చింది. ఇద్దరూ గెలిచారు కాబట్టి ఇద్దరూ మెత్తబడ్డారు. రోజూ పగటి భోజనాలయ్యాక బాపమ్మ ఆముదం గిన్నెతో కిందికి దిగేది. "ఈడ నొప్పా? ఆడ నొప్పా?" అని అడుగుతూ రుద్దేది, "బేస్, బేస్" అని, అంటే కూర్చో కూర్చో అని, బా ఆమెకు మజ్జిగ ఇచ్చేది. బాపమ్మ సర్వపిండి చేసి పంపేది. బా దాన్ని తినేది కాదనీ, వీధి చివర టీ దుకాణం వాళ్లకిచ్చేదనీ నాకు తెలుసు. "బాగుందన్నది" అని పైకి చెప్పేదాన్ని. ఇట్లా రెండు నెలలు గడిచాయి. చేపల కోసం బాపమ్మ కొంగు ఎగరేయడం మానేసింది, ఎందుకో నేను అడగలేదు.

కిరాయి ఇవ్వడానికి వెళ్లినప్పుడు బాపుతో బా అన్నదట: "మీ అమ్మ మనసు మంచిది. అంత పశ్చాత్తాపంతో మాఫీ అడిగింది కాబట్టి ఊరుకున్నాను, లేకపోతే అమావాస్యకే ఖాళీ చేయించేదాన్ని." మా బాపమ్మ మాఫీ అడగడం బాపు పుట్టాక ఎన్నడూ చూడలేదు. పైకొచ్చి, "అవ్వా, నువ్వు బాను మాఫీ అడిగినవా?" అన్నాడు. బాపమ్మ కాలుస్తున్న రొట్టె పెనం మీదనే మాడిపోయింది. "నేనా? మాఫీనా? ఆమెనే మోకాళ్లు నొస్తున్నయని నన్ను పిలిపించుకున్నది!" అన్నది. అప్పుడు అందరూ నా వైపు తిరిగారు.

బాపు కొట్టలేదు. చేయి పట్టుకొని కిందికి తీసుకుపోయాడు. బాపమ్మనూ రమ్మన్నాడు. "నోరున్నది గదా అని ఒక్కో దిక్కుకు ఒక్కో మాట చెప్తవా? ఇప్పుడు ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు. ఉయ్యాలకు ఇటు బా, అటు బాపమ్మ. బా ఏమన్నదో బాపమ్మకు తెలుగులో చెప్పాను. బాపమ్మకు నేను ఏం చెప్పానో బాకు గుజరాతీలో చెప్పాను. మళ్లీ బాకు నేనేం చెప్పానో బాపమ్మకు తెలుగులో చెప్పాను. ఒకే తప్పును ఇన్నిసార్లు ఒప్పుకున్న మనిషి ఇంకొకరు ఉండరు. అంతా విని బాపమ్మ ఆముదం గిన్నె వైపు ఒకసారి చూసింది. "ఎల్లగొట్టిన మనిషి కాళ్లు పట్టిన్నన్న మాట" అన్నది, తనలో తనే అన్నట్టుగా. తాడు పట్టుకోకుండా మెట్లెక్కిపోయింది. బా గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆ తర్వాతి పది రోజులు ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. అంత కష్టమైన రోజులు నాకు గుర్తులేవు. బా ఖాళీ చేయమని మళ్లీ అనలేదు, ఈసారి బాపమ్మే పట్టుబట్టింది. "వద్దన్నంక ఉండుడేంది? సిగ్గుండాలె. ఇంకో అర్ర చూడు" అని బాపు వెంటపడింది. బాపు సెలవు రోజున నది అవతలకు పోయి గది చూసి వచ్చాడు. అక్కడ తెలుగు బడి లేదు. నేను బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి మేకుకు తగిలించి, దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. అమ్మ ఒక్కతే నాతో మామూలుగా ఉంది. తల దువ్వుతూ, "చెప్పరాని అబద్ధమే చెప్పినవ్. కానీ రెండు నెలలు ఇల్లు మంచిగుండె" అన్నది.

పదకొండో రోజు పగలు అందరి భోజనాలయ్యాయి. బాపమ్మ గోడకు ఒరిగి కూర్చుంది. మెట్ల దగ్గర తాడు కిర్రుమంది. గాజుల చప్పుడు, ఆగింది. మళ్లీ గాజుల చప్పుడు, మళ్లీ ఆగింది. ఆ మోకాళ్లతో బా పై అంతస్తుకు వచ్చి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. చివరి మెట్టు మీద తల కనబడింది, ముఖమంతా చెమట. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి, దర్వాజ పట్టుకొని, "నర్సవ్వా" అన్నది. ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదటిసారి. ఊపిరి తీసుకొని, మోకాలు చూపించి, "నొప్పి" అన్నది. తెలుగులోనే అన్నది.

నేను అలవాటు కొద్దీ నోరు తెరిచాను. "నువ్వుండు" అని బాపమ్మ నా వైపు చూడకుండానే అన్నది. తను కూర్చున్న చాపలో సగం జరిగింది. "బేస్" అన్నది. బా లోపలికి వచ్చి కూర్చుంది. ఇద్దరికీ కలిపి వచ్చిన మాటలు ఆ రెండే. తర్వాత బా చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. మేడ వైపు వేలు చూపించింది. రెండు చేతులు జోడించి, తను పొద్దున గుడికి పోతానన్నట్టు వేళ్లతో నడిచి చూపించింది. తిరిగి వస్తానని చూపించి, ముక్కు గట్టిగా మూసుకొని, అప్పటికి మాత్రం ఏ వాసనా ఉండకూడదని తల అడ్డంగా ఊపింది. బాపమ్మ మొదట పెదాలు బిగబట్టింది. తర్వాత నవ్వింది. మా ఇంట్లో ఆమె అట్లా నవ్వడం సూరత్ వచ్చాక చూడలేదు. "సమజైంది తియ్యి" అన్నది. ఆ రోజుతో నా ఉద్యోగం పోయింది.

ఆ ఇంట్లో ఇంకా ఐదేళ్లున్నాం. నేను తెలుగు బడిలో చదువంతా పూర్తి చేశాను. ఆ తర్వాత బా కొడుకు హవేలీ అమ్మేసి తల్లిని బొంబాయి తీసుకుపోయాడు, మేం అమ్రోలికి వచ్చాం. అప్పటికి అక్కడ మట్టిరోడ్లు, వరుసగా ఒకే రకం ఇళ్లు. మాకు దొరికింది రెండు గదులది. ఏడాది తిరక్కుండా ఒక పొద్దున మా ఇంటి ముందు రిక్షా ఆగింది. అందులోంచి బా దిగింది, చంకలో ఠాకోర్‌జీ పెట్టె, చేతిలో తన వంటసామాన్ల మూట. చుట్టాల పెళ్లికి సూరత్ వచ్చిందట. పెళ్లివాళ్లు బస ఏర్పాటు చేశారు కానీ అక్కడ ఉండనన్నదట. బాపమ్మ ఒక గది పూర్తిగా ఆమెకిచ్చింది, మేం ఆరుగురం రెండో దాంట్లో సర్దుకున్నాం. బా ఎనిమిది రోజులు ఉంది. ఎనిమిది రోజులూ తన పొయ్యి మీద తనే వండుకుంది, మా ఇంటి మెతుకు ముట్టలేదు. దానికి బాపమ్మ ఏమీ అనుకోలేదు. పగలు నూనె, సాయంత్రం వాకిట్లో కూర్చొని ఇద్దరూ గంటల తరబడి ముచ్చట. ఒకరిది తెలుగు, ఒకరిది గుజరాతీ, మధ్యలో ఎవరూ లేరు. ఎనిమిదో రోజు పొద్దున మాత్రం బాపమ్మ చేసిన చాయ్ తీసుకుంది. తాగి, చక్కెర ఎక్కువైందన్నది.

హోటల్లో నన్ను నిజంగానే బాగా చూసుకున్నారు. అబద్ధం చెప్పను, మా బిందెల చోట వేడినీళ్లతో స్నానం చేస్తుంటే సుఖంగానే ఉంది. నిటారు మెట్ల పక్కన లిఫ్టు పెట్టారు, నా మోకాళ్లు వాళ్లకు దండం పెట్టాయి. వంతెనకు అవతల తమ్ముడి మనవలు మూడు భాషలు ఒకే వాక్యంలో మాట్లాడతారు, వాళ్లకు నా లాంటి మనిషితో అవసరం లేదు. అది కూడా మంచిదే. అయితే మేం ఉన్న అంతస్తులో ఎనిమిది గదులు, ఎనిమిది తలుపులు, రెండు రోజుల్లో పక్క గదిలో ఎవరున్నారో నాకు తెలియలేదు, నా సంగతి వాళ్లకూ తెలియలేదు. ఎవరి మాటా ఎవరికీ చేరవేయక్కర్లేకపోవడం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నేననుకోలేదు. బయల్దేరేటప్పుడు మేనేజర్ గుమ్మం దాకా వచ్చి రెండు చేతులూ జోడించి "మళ్లీ రండి" అన్నాడు. చదువుకున్న, మర్యాద తెలిసిన మనిషి, అందరికీ ఆ మాటే చెప్తాడు.

అమ్రోలిలో బాను రిక్షా ఎక్కించేటప్పుడు బాపమ్మ ఆ మాట అనలేదు. ఆమెకు వచ్చిన గుజరాతీలో మర్యాదలు లేవు, మీరు అనే మాటే ఆమెకు తెలియదు. రిక్షా కదలబోతుంటే దాని పక్క ఇనుప కడ్డీ గట్టిగా పట్టుకొని, తెల్లచీర కట్టుకున్న ఆ పెద్దింటి ముసలమ్మను తన ఈడుదాన్ని అడిగినట్టే అడిగింది: "కేమ్ జాయ్ ఛే?"

ఎందుకు పోతున్నవ్, అని.